పై వరుస కాజులు

మా అన్న చెప్పే కథలో ప్లేటు ఉన్న మాట ఒక్కటే నిజం. గౌలిపురలో మేమున్నప్పుడు మా అవ్వ కాలి పుండుకు కట్టు కట్టడానికి శాంతమ్మ అనే నర్సు రోజూ వచ్చేదని, మా అమ్మ ఆమెకు చక్కెర పాకం పట్టిన కాజులు, అంటే జీడిపప్పులు, ప్లేటు నిండా పెట్టేదని, అంతటితో ఆగక ఆమె కోసమే ప్రత్యేకంగా ఒక ప్లేటు ఉంచిందని అన్న చెబుతాడు. కులం లేదు, మతం లేదు, మా అమ్మ సత్తెమ్మకు మనిషే ముఖ్యమట. మొన్న అమ్మ సంవత్సరీకం నాడు ఊరవతల తను కొత్తగా కొన్న ఫ్లాటులో చుట్టాలందరి ముందు కళ్లు తుడుచుకుంటూ మళ్లీ అదే చెప్పాడు. అన్న కూతురు శ్రావ్య ఫోను పట్టుకుని వీడియో తీస్తోంది. ‘నానమ్మ చేతి కాజులు’ అని పేరు కూడా పెట్టేసిందట. చుట్టాలు తలలూపుతున్నారు. ఒకావిడ ముక్కు చీదింది.

నేను ఊరుకునే రకాన్ని కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. “అన్నా, ఆ ప్లేటు యాడుండేనో గూడ చెప్పు,” అన్నాను.

“ఏ ప్లేటే?”

“గదే, ప్రత్యేకం ప్లేటు. అమ్మ యాడ పెట్టేది? పిల్ల వీడియో తీస్తున్నది గద, పూర్తిగ చెప్పు.”

“ఇయ్యాల్టి దినమన్న లొల్లి పెట్టకు పద్మా. అమ్మ ఫోటో ముందట కూసున్నం.”

“ఫోటోకేం ఫికర్ లేదు. నాకే ఉన్నది.”

వదిన గబగబా వచ్చి నా చేతిలో ఛాయ్ గిలాస పెట్టింది. “అత్తా, ఆడియోల నీ గొంతే వస్తున్నది,” అని శ్రావ్య విసుక్కుంది. అందరూ నవ్వారు. అరవకుండా ఉంటే పద్మ పద్మ ఎట్లా అవుతుందని ఎవరో అన్నారు. ఆ నవ్వుల్లో అన్న కథ మరికాస్త గట్టిపడింది. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఇక్కడ నా నోటికి ఛాయ్ అడ్డం పెట్టేవాళ్లు లేరు.

మొదటి సంగతి, మా ఇంట్లో చేసేవి కాజులు కావు, పల్లీలు. బాపు సర్కారు కార్ఖానాలో ఫిట్టరు. నెల జీతం వచ్చే ఇల్లని వీధిలో మాకు కాస్త గౌరవం ఉండేది, ఆ గౌరవానికి తగ్గట్టు ఇంటికి ఎవరొచ్చినా ప్లేటులో ఏదో ఒకటి పెట్టాలని అమ్మ పట్టుదల. ఆదివారం పొద్దున పల్లీలు ముందేసుకుని కూర్చునేది. ముడుచుకుపోయినవీ నల్లబడినవీ ఏరడం నా పని. నోట్లో వేసుకోకుండా ఏరడం అందులో కష్టమైన భాగం. వంటింట్లో కిరోసిన్ స్టవ్ ఉన్నా పల్లీలకు మాత్రం వాకిట్లో కట్టెల పొయ్యే వెలగాలి. ఇనుప కడాయిలో సన్నటి సెగ మీద వేయించి, చిటపటలు తగ్గి పొట్టు మీద మచ్చలు కనబడగానే దించి, చాటలో పోసి, చేత్తో నలిపి చెరిగేది. పొట్టు ఎగిరి గోడవతలి బర్రెల కొట్టంలో పడేది. అటునుంచి పేడ వాసన, పాలు కాగే వాసన, ఇటునుంచి వేగిన పల్లీల వాసన. ఆ మూడూ కలిస్తేనే నాకు ఆదివారం. ఇప్పుడు ఎక్కడైనా పల్లీలు వేగుతుంటే ఏదో తక్కువైనట్టు అనిపిస్తుంది, తక్కువైంది పేడ వాసనేనని కాసేపటికి గానీ తోచదు.

తర్వాత పాకం. అదే కడాయిలో చక్కెర, అది తడిసేటన్ని నీళ్లు, చిటికెడు ఉప్పు. బుడగలు లేస్తుంటే పల్లీలు పోసి తిప్పుతూనే ఉండాలి. తిప్పగా తిప్పగా పాకం ఉన్నట్టుండి విరిగిపోయి, పల్లీల చుట్టూ తెల్లటి ఇసుకలా పొడిపొడిగా అయిపోతుంది. తెలియనివాళ్లు చెడిపోయిందనుకుని అక్కడే దించేస్తారు. దించకూడదు. సెగ తగ్గించి ఇంకా తిప్పితే ఆ ఇసుకే మళ్లీ కరిగి, పల్లీకి పల్లీ తేనె రంగులో మెరుస్తుంది. ఆఖర్న దంచిన ఇలాచి వేసి, నూనె రాసిన పళ్లెంలో పోసి, వేడి చల్లారకముందే వేళ్లతో విడదీయాలి. అమ్మ వేళ్ల కొసలు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. ఆ పని చేస్తున్నంతసేపూ మాట్లాడేది కాదు, మమ్మల్ని మాట్లాడనిచ్చేది కాదు. అంత శ్రద్ధ పెట్టే మనిషి. నా బాధంతా అదే. మోటు మనిషైతే ఇంత బాధ ఉండకపోవును.

ఇక కాజులు. బాపు కార్ఖానాలో ఒక దీపావళికి పంచిన డబ్బాలోవి అవి. గుప్పెడు ఉంటాయేమో. అమ్మ వాటిని తినడానికి వాడలేదు, చూపించడానికి వాడింది. చుట్టాలొస్తున్నారని తెలిస్తే పల్లీలు దించాక కడాయి అడుగున మిగిలిన పాకంలో ఆ కాజులను ఒకసారి దొర్లించి, స్టీలు ప్లేటులో పల్లీలు పోసి, వాటి మీద కాజులను పువ్వులాగా పేర్చేది. చూసినవాళ్లకు ప్లేటంతా కాజులే అనిపించాలి. చుట్టాలు వెళ్లాక కాజులు మళ్లీ డబ్బాలోకి. మళ్లీ చుట్టాలు, మళ్లీ పాకం. పాకం మీద పాకం పట్టి అవి గోలీల్లా లావెక్కాయి. లోపలి కాజుకు ఎంత వయసో అమ్మకు కూడా గుర్తుండి ఉండదు. పై వరుస ముట్టొద్దని మాకు మాటలు రాకముందే నేర్పినట్టున్నారు.

చుట్టాలకు మాత్రం ఎవరు నేర్పారు? అడగనక్కర్లేదు, వాళ్లిళ్లలోనూ ఇదే కదా. మా మేనత్త రాజమ్మది మాదన్నపేట. వాళ్లింట్లో ఖర్జూరాల డబ్బా ఒకటి ప్రతి దావత్‌లో బల్ల మీదికి వచ్చి, మూత తెరుచుకోకుండానే లోపలికి పోయేది. మా ఇంట్లో ప్లేటు ముందుకు జరిపి అమ్మ “తీసుకోన్రి, తీసుకోన్రి” అంటే, చుట్టాల చెయ్యి కాజుల మీదుగా పోయి, ప్లేటు అంచున పల్లీలు నాలుగు తీసుకునేది. “కాజులు తీస్కోన్రి” అని అమ్మ అనాలి, “అబ్బో, పిల్లలకుంచమ్మా” అని వాళ్లు అనాలి. ఇందులో ఎవరూ ఎవరినీ మోసం చేసినట్టు కాదు. మా మర్యాద అంతే. ఆ మర్యాద తెలిసినవాళ్లే ఆ ప్లేటు ముందు కూర్చునేవాళ్లు.

బాపు తల్లిని మేము అవ్వ అనేవాళ్లం. షుగరుతో ఆమె కాలికి పుండు లేచింది. రెండు వీధుల అవతల ఉండే శాంతక్క దవాఖానాలో నర్సు. డ్యూటీ దిగి ఇంటికి పోతూ మా ఇంట్లో ఆగి పుండు కడిగి, కట్టు మార్చి వెళ్లేది. బాపు డబ్బులిస్తే పుచ్చుకోలేదు. తెల్ల చీర, మెడలో సన్నటి శిలువ, పెద్ద నోరు. నా నోరు నాకు ఎవరి నుంచి వచ్చిందని అడిగితే నేను ఆమె పేరే చెబుతాను.

“ఏయ్ ముసల్దానా, కాలు గుంజుకుంటే ఇంకింత గట్టిగ కడ్త సూడు.”

“కట్టు బిడ్డా. నీ చేతులనే సచ్చిపోత.”

“నా చేతుల ఎవ్వలు సావరు. మా దవఖానల అడుగు పో.”

ఆ పుండు వాసనకు మేము ముక్కులు మూసుకుని అవతలి గదిలో ఉండేవాళ్లం. ఆమె అవ్వ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. పని అయ్యాక వాకిట్లో అమ్మ చెంబు ఎత్తి పట్టుకుని పైనుంచి నీళ్లు పోస్తే చేతులు కడుక్కునేది. అప్పుడు అమ్మ పేపరులో కట్టిన పల్లీల పొట్లం నా చేతికిచ్చి, “శాంతమ్మకియ్యి” అనేది. నేను ఆమె దోసిట్లో పొట్లాన్ని పైనుంచి వదిలేదాన్ని. ప్లేటు, కుర్చీ ఆమెకు లేవు. ఆమెది ఏ కులమో వీధిలో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనేవాళ్లు కాదు. పైకి అనకపోవడాన్నే మావాళ్లు ఇప్పుడు మంచితనం కింద జమ చేసుకుంటున్నారు.

ఒకరోజు అవ్వను చూడడానికి రాజమ్మ అత్తమ్మ వచ్చింది. ఆమె కుర్చీలో కూర్చుంది, ముందర స్టూలు మీద ప్లేటు, పై వరుసలో కాజులు. శాంతక్క వచ్చి కట్టు విప్పింది. కన్నతల్లి కాలు చూసి అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వాకిట్లోకి పరుగెత్తింది. శాంతక్క పని ముగించి చేతులు కడుక్కుని లోపలికొచ్చాక అత్తమ్మ ఏడుస్తూనే ఆమె భుజం దగ్గరగా చెయ్యి పెట్టింది. భుజాన్ని తాకలేదు.

“నేను కన్నబిడ్డనై సూడలేకపోతున్న. నువ్వు చేస్తున్నవు బిడ్డా. రా, కూసో. ఇగో, తిను.” అని ప్లేటు ముందుకు జరిపింది.

‘వద్దమ్మా, ఇంటికాడ పనున్నది’ అనాలి కదా ఆమె. మేమందరం ఆ మాట కోసమే ఎదురుచూశాం. శాంతక్క అత్తమ్మ లేచిన కుర్చీలో నిమ్మళంగా కూర్చుంది. ప్లేటు తీసి ఒళ్లో పెట్టుకుంది. కాజు ఒకటి నోట్లో వేసుకుంది. కటుక్కుమంది. వంటింటి గడపలో అమ్మ కదలకుండా నిలబడిపోయింది. ఇంకొకటి. ఇంకొకటి.

“పల్లీలు గూడ తిను బిడ్డా,” అంది అత్తమ్మ, అంతకంటే ఎట్లా చెప్పాలో తెలియక.

“పల్లీలు రోజు తినేటియే గదమ్మా.”

పువ్వులో రేకులు ఊడినట్టు పై వరుసంతా అయిపోయింది. మంచం మీద అవ్వ మాత్రం బోసి నోటితో నవ్వుతోంది. శాంతక్క ప్లేటు స్టూలు మీద పెట్టి, చేతులు దులుపుకుని, అమ్మవైపు చూసింది.

“మస్తున్నయి అక్కా. ఇగ పల్లీలు ఎప్పటి తీర్గ పొట్లం కట్టియ్యి. ఇంటికాడ తింట.”

అమ్మ పొట్లం కట్టింది. కాగితం రెండుసార్లు చిరిగింది.

ఆమె అటు గడప దాటిందో లేదో అత్తమ్మ మొదలుపెట్టింది. “ఏందే సత్తెమ్మా, ఒక్కటన్న మిగిలియ్యలే!”

“నువ్వే గద వదినె తినుమన్నవు.”

“నేను మాటవరసకు అన్న. మాటవరసకు అంటే తింటరా?”

అమ్మ ప్లేటు తీసుకుని వాకిట్లోకి పోయి, బూడిదతో తోమింది. కడిగి, మళ్లీ తోమింది. తోమిన ప్లేటును వంటింట్లోకి తేలేదు. బట్టలుతికే బండ పక్కన గోడలో ఒక గూడు ఉండేది, కుంకుడు కాయలు, కొబ్బరి పీచు పెట్టుకునే గూడు, అందులో బోర్లించింది. అన్న చెప్పే ప్రత్యేకమైన ప్లేటు అదే. మర్నాటి నుంచి అది శాంతమ్మ ప్లేటు. ఇంట్లో ఇంకెవరూ దాంట్లో తినలేదు.

ఆ రోజు నాకు సిగ్గేసిన మాట నిజం, కానీ అది కాజుల గురించి. ఇక మా ప్లేటు మీద పేర్చడానికి ఏమీ లేవని, మాదన్నపేట చుట్టాలంతా నవ్వుకుంటారని. శాంతక్కకు మర్యాద తెలియదని కూడా మనసులో అనుకున్నాను. ఆ ప్లేటు ముందు ఎన్నడూ కూర్చోనివ్వని మనిషికి ఆ ప్లేటు మర్యాద ఎట్లా తెలుస్తుందని ఎన్నో ఏళ్ల తర్వాత తోచింది. ఇంకొన్నేళ్లకు ఇంకొకటి తోచింది. అవ్వ మంచం పక్కన కూర్చుని పనిచేస్తూ, ఎంతమంది చుట్టాల చేతులు కాజుల మీదుగా పోయి అంచు పల్లీలు తీసుకోవడం ఆమె చూసి ఉంటుంది! అంత కళ్లున్న మనిషికి తెలియకపోవడమేమిటి? ‘ఎప్పటి తీర్గ పొట్లం’ అన్న మాట ఊరికే వచ్చిందా? కాలేజీలో చేరి, వాదన పోటీల్లో సమానత్వం గురించి బల్లలు గుద్ది బహుమతులు తెచ్చుకున్న రోజుల్లో కూడా, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేటప్పుడు నా చూపు ఆ గూటి వైపు పోకుండా తిప్పుకునేదాన్ని.

సంవత్సరీకం నాడు అన్నతో గొడవయ్యాక చెయ్యి కడుక్కోవడానికి వాళ్ల వెనక బాల్కనీలోకి వెళ్లాను. వాషింగ్ మెషీన్ మీద, సబ్బు పొడి డబ్బా పక్కన, ఒక పింగాణి కప్పు బోర్లించి ఉంది. పిడి విరిగిన కప్పు. ఎవరిదని అడగలేదు. వాళ్లింట్లో పనిచేసే అమ్మాయి అక్కడే నిలబడి ఛాయ్ తాగుతోంది. ఆమె చేతిలో కాగితం గిలాస ఉంది. చుట్టాల రోజు కదా, ఆ రోజుకు ఆమెక్కూడా కాగితం గిలాసే. అప్పటి గోడలో గూడు ఉండేది, ఇప్పుడు వాషింగ్ మెషీన్ ఉంది. నా ఇంట్లో అట్లాంటి కప్పు లేదని ఇక్కడ గట్టిగా రాయబోయి, లేచి వంటింట్లోకి వెళ్లి చూసి వచ్చాను. ఆ వాక్యం రాయడం లేదు.

తర్వాతి వారం జహనుమా పోయాను. శాంతక్క ఇప్పుడు అక్కడ కూతురి దగ్గర ఉంటోంది. చూపు బాగా తగ్గింది, మంచం మీద కూర్చుని జపమాల తిప్పడం లేదు, చిక్కుడుకాయలు తుంచుతోంది.

“ఎవలు?”

“నేను శాంతక్కా. గౌలిపుర సత్తెమ్మ బిడ్డను.”

“పద్మవా? నోరుగల్ల పద్మవా?”

“నోరు నీ కాన్నుంచే వచ్చింది.”

“అయితే వాపసియ్యి. ఇప్పుడు నాకు పండ్లు గూడ లేవు.” నవ్వింది. కాజుల మాట నేను ఎత్తకముందే తనే ఎత్తింది. “మీ అమ్మ కాజులు యాదున్నయి. గవి కాజులానే, గోలీలా? దవడ పన్ను కదిలింది. లోపల గబ్బు నూనె వాసన.”

“మరి అన్ని ఎందుకు తిన్నవక్కా?”

“పెట్టిన్రు, తిన్న.”

దాంతో నా గొంతులో ఇన్నేళ్లుగా ఉన్నదంతా పైకొచ్చింది. గూడు, ప్లేటు, బూడిద, పైనుంచి పోసిన నీళ్లు. “మా అమ్మ చేసింది తప్పక్కా. మేమందరం...” అని మొదలుపెట్టాను. ఆమె చిక్కుడుకాయ పట్టుకున్న చేత్తోనే నన్ను ఆపింది.

“పద్మా. నువ్వు నన్ను సూడనీకి వచ్చినవా, నీ బరువు దించుకోనీకి వచ్చినవా?”

నేను చాటలోంచి ఒక చిక్కుడుకాయ తీసుకుని తుంచసాగాను.

“దించుకోనీకైతే మీ అన్న కాడ దించుకో. నా కాడ జాగ లేదు,” అని కూతురిని పిలిచింది. “బిడ్డకు ఛాయ్ వెయ్యి. చక్కెర తక్కువెయ్యి, దీనికి గూడ వయసొచ్చింది.”

ఆ ఇంట్లో అందరూ తాగే కప్పుల్లోనే నాకూ ఛాయ్ వచ్చింది. తల దించుకుని తాగాను. మోకాళ్ల నొప్పుల గురించి, ఫలక్‌నుమా వైపు పెరిగిన ట్రాఫిక్ గురించి మాట్లాడుకున్నాం. లేచి వస్తుంటే చేతులతో తడిమి నా ముఖం చూసింది.

కాజులు ఎందుకు తిన్నదన్న సంగతి నాకిప్పుడు పట్టదు. ఆమె చెప్పకపోయినా అది నాకు తెలిసినట్టే. నిజంగా అడగాలనుకుని అడగలేకపోయింది ఆమె కాజులు తిన్న మర్నాటి సంగతి. మర్నాడు సాయంత్రం అమ్మ ఆ గూట్లోంచి ప్లేటు తీసి, పల్లీలు పోసి, నా చేతికిచ్చింది. శాంతక్క ప్లేటు వైపు చూసింది. కుంకుడు కాయల గూటి వైపు చూసింది. “నాకు చక్కెర పడ్తలేదక్కా. ఇగ వద్దు,” అని అమ్మతో అని వెళ్లిపోయింది. ఇక రాదనుకున్నాం. ఆ మర్నాడు అదే వేళకు వచ్చింది. అవ్వను అదే నోటితో తిట్టింది, పాదాన్ని అట్లాగే ఒళ్లోకి తీసుకుంది. అవ్వ లేచి నడిచేదాకా, ఎండాకాలం పోయి వానలు పడేదాకా, ఏమీ పుచ్చుకోకుండా వస్తూనే ఉంది. డ్యూటీ అనుకుందామంటే మా ఇల్లు ఆమె డ్యూటీ కాదు. జాలి అనుకుందామంటే జాలిపడే మనుషులు అట్లా తిట్టరు. దేవుడి కోసమనుకుందామంటే ఆమె నోట మా ఇంట్లో ఆ మాటే వినలేదు. అవ్వ మీద ప్రేమనుకుంటే మా అందరికీ హాయిగా ఉంటుంది, అందుకే దాన్ని నమ్మబుద్ధి కావడం లేదు. శాంతక్కా, బరువు దించుకోవడానికి అడగడం లేదు, నిజంగానే తెలియక అడుగుతున్నాను: ఆ గూడు చూసిన తర్వాత కూడా మా గడప మళ్లీ ఎందుకు తొక్కినవు?